నాపరాతి కోతలో తరుగు లెక్క

కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల రాతిపని చరిత్రలో ఉలికీ రంపానికీ ఎంత చోటున్నదో కొలతకూ అంతే చోటున్నది. బండను గని నుంచి పైకి తీయడం, మోయడం, చదును చేయడం అన్నీ శ్రమతో కూడినవి కనుక, కోతలో పోయిన ప్రతి ముక్కతోపాటు దాని మీద పెట్టిన కూలి కూడా పోయినట్టే లెక్క.

ఈ నేలలో అన్ని రాళ్లూ ఒకే తీరున కోతకు లొంగవు. పులివెందుల, గండికోటల పేర్లతో భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన శిల, పలుచని పలకలుగా సులభంగా విడదు కాబట్టి గోడలకూ కోటలకూ దిమ్మెలుగానే పనికివచ్చింది. నాపరాయి స్వభావం వేరు. సముద్రపు అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపురాయి అయినందున, పొరల సందున గడ్డపార మోపి ఎత్తితే అది బండగా లేచి వస్తుంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద వెలువరించిన గ్రంథంలో ‘నార్జి సున్నపురాయి’గా వర్ణించి జమ్మలమడుగు పేరుగల సముదాయంలో చేర్చినది ఈ జాతి రాతినే. బండ మందాన్ని ప్రకృతే నిర్ణయించి ఉంచడం వల్ల పనివానికి మిగిలినది పొడవు వెడల్పుల లెక్క మాత్రమే.

ఆ లెక్క పాత మిద్దెలలో స్పష్టంగా కనిపిస్తుంది. మిద్దె అంటే దూలాల మీద దంతెలు పేర్చి, వాటిపై బండలో చెక్కలో పరచి, ఆ పైన వాననీటిని ఆపే చౌడుమట్టిని దిమ్మిస చేసిన చదును కప్పు. బండ రెండు కొసలూ దంతెల మీద ఆనకపోతే కప్పు నిలవదు కనుక దంతెల నడిమి దూరమూ బండ పొడవూ ఒకదానికొకటి కుదరవలసి ఉండేది. దొరికే బండను బట్టి దంతెలను సర్దుకున్న ఇంట్లో ఉలికి పని తగ్గేది, తరుగూ తగ్గేది.

మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. అలాంటి దారులు ఏర్పడ్డాక ఈ ప్రాంతపు బండ దూర నగరాలకు చేరి, మహారాష్ట్ర వంటిళ్లలో ‘కడప్పా’ అన్న పేరుతోనే స్థిరపడింది. ఊరి ఇంటిని రాతికి తగ్గట్టు కట్టుకోవచ్చు గాని, దూరాన ఉన్న కొనుగోలుదారు అడిగిన కొలతకు రాయే తగ్గవలసి వస్తుంది. అందుకే రంపపు యంత్రాలు వచ్చిన తరువాత కోతల వరుసకు ప్రాముఖ్యం మరింత పెరిగింది.

5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల బండనే తీసుకుంటే, అందులో రెండడుగుల చదరాలు రెండే వస్తాయి. అంటే 15 చదరపు అడుగులలో 8 మాత్రమే అక్కరకు వచ్చి, మిగిలిన 7 వృథా అయ్యేటట్టు కనిపిస్తుంది. అయితే మొదటి కోతను పొడవునా వేసి అడుగు వెడల్పు పట్టీని విడదీస్తే, అది అలమరలో 5 అడుగుల అరకు సరిపోతుంది. మిగిలిన భాగాన్ని అడ్డంగా కోస్తే రెండు చదరాలతోపాటు కిటికీ కిందికి పనికివచ్చే రెండడుగుల ముక్క కూడా దక్కుతుంది. మొదటి కోతే అడ్డంగా పడితే ఆ పొడవైన పట్టీ మళ్లీ రాదు. రంపపు బద్ద మందం మేర ప్రతి కోతలోనూ రాయి పొడి అయిపోతుంది గనుక, కోతల సంఖ్య తగ్గించడం కూడా పొదుపే.

బంగారు వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో నగ తయారీలో పోయే లోహాన్ని ‘తరుగు’ అంటారు. కంసాలి ఆ తరుగును తూకంలో ముందే లెక్కిస్తాడు, నేల ఊడ్చిన దుమ్ములోని రేణువును సైతం వెతికి తీస్తాడు. నాపరాయి చవకైనది కావడం వల్ల దాని తరుగుకు అంతటి గౌరవం దక్కలేదు. సున్నపు బట్టీకి చేరవలసిన ముక్క రోడ్డు పక్క గుట్టలో కలవడం ఆ చవకతనం ఫలితమే. బంగారమైతే కరిగించి మళ్లీ పోత పోయవచ్చు. తప్పు కోసిన బండ మాత్రం మళ్లీ మునుపటిలా ఒకటి కాదు. అందువల్ల రాతిపనిలో మొదటి పనిముట్టు కొలబద్దే, రంపం ఆ తరువాతిది.