మద్య విముక్తి సమావేశాలు: ఖమ్మం–భద్రాచలం మన్యం

తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చుని ఎవరి సంగతి వారు చెప్పుకునే సమావేశం గోదావరి మన్యానికి కొత్త. తాగుడు మీద ఊరంతా కూర్చోవడం మాత్రం పాతదే. మొదటి రకంలో తాగేవాడు మాట్లాడతాడు, రెండో రకంలో అతని గురించి మిగతావారు మాట్లాడతారు. ఈ ప్రాంతంలో మద్యం మీద జరిగిన పోరాటాలన్నీ దాదాపు రెండో రకానివే.

కోయలకు, కొండరెడ్లకు తాటికల్లు, జీలుగకల్లు, ఇప్పసారా తిండిలోనూ కొలుపుల్లోనూ భాగం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేస్తారు. తెల్లవారక ముందే ఆడవాళ్లు, పిల్లలు గంపలతో వెళ్లి రాలిన పూలు ఏరుకొస్తారు. ఎండిన పువ్వును నీళ్లలో నానేసి, పులిశాక కుండ మీద కుండ బోర్లించి కాస్తారు. చనిపోయిన పెద్దల పేర నేలమీద నాలుగు చుక్కలు వదిలాకే తాగడం ఆచారం. ‘ఒక్క చుక్క కూడా ముట్టను’ అనేవాడు ఇక్కడ సీసాతో పాటు పండుగనూ పక్కన పెట్టాల్సి వస్తుంది. పట్నంలో తాగుడు మానేవాడికి ఈ చిక్కు లేదు.

సర్కారుకు, మన్యానికి మధ్య మొదటి పెద్ద తగాదా కూడా కల్లు మీదే వచ్చింది. సొంతానికి గీసుకునే కల్లును సైతం అబ్కారీ గుత్తేదారుల చేతిలో పెట్టడం, మన్సబుదారు ‘చిగురుపన్ను’ వసూలు చేయడం 1879 నాటి రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాలు. అది భద్రాచలం తాలూకాకూ పాకింది. అప్పటి కోపం తాగనివ్వనందుకు. నూరేళ్లు దాటాక వచ్చిన కోపం తాగించినందుకు.

1980లలో ప్రభుత్వ సారా ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో ‘సీతమ్మ కథ’ పాఠం చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం మిగతా జిల్లాలకు పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో రెండోది సడలింది. నల్లబెల్లం, నవసారంతో కాచే గుడుంబా, ఊళ్లో బెల్టు షాపు మిగిలాయి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారంలో గ్రామసభకూ చోటిచ్చింది. అయితే మహిళా సంఘంలోనైనా గ్రామసభలోనైనా తాగేవాడు కూర్చున్నది దోషిగానే. దుకాణం మూతపడ్డ మర్నాడు అతనికి చేతులు వణుకుతుంటే ఏం చేయాలన్నది ఆ సభల ముందుకు వచ్చే విషయం కాదు.

ఆ విషయం కోసమే పుట్టినది ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒక స్టాక్ బ్రోకరూ ఒక సర్జనూ, ఒకరి గోడు ఒకరు వినడంతో మొదలైంది. మన దేశంలో 1957లో ఢిల్లీలో అడుగుపెట్టి, తెలుగు నగరాలకూ వచ్చింది. రుసుం లేదు, డబ్బా తిప్పితే ఇష్టమైనవారు ఇష్టమైనంత వేస్తారు. చేరడానికి కావలసిందల్లా తాగుడు మానాలన్న కోరిక. ‘జన్మలో తాగను’ అని ఒట్టు వేయించరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉంటే చాలంటారు. ఒకరు చెబుతుంటే మధ్యలో సలహా ఇవ్వకూడదన్నది రివాజు. తెలుగువారికి ఇదే అన్నిటికన్నా కష్టమైన నియమమేమో! ఇంటివారి కోసం 1951లో అల్-అనాన్ వేరుగా ఏర్పడింది.

ఈ సమావేశాల్లో పేరు చెబితే చాలు, ఇంటిపేరు అడగరు. కోయగూడెంలో మనిషి కనబడితే అడిగేదే ఇంటిపేరు. దాన్ని బట్టే ఏ గోత్రపు వర్గం వాడో, అంటే ఎన్నో గట్టువాడో, వావి ఏమిటో తేలుతుంది. ముప్ఫై గడపల గూడెంలో గోప్యత మాటే లేదు, ఎవరు ఎంత తాగారో కుక్కలకు కూడా తెలుసు. అందుకే ఇలాంటి చోట్లకు మరో పద్ధతి నయమనిపిస్తుంది. చెన్నైలోని టి.టి. రంగనాథన్ సంస్థ 1989 నుంచి తంజావూరు వైపు మంజక్కుడిలో ఊళ్లోనే శిబిరం పెట్టి, ఆ ఊరివారి ఆసరాతోనే వైద్యం చేసింది. దాపరికం లేని గూడేనికి ఊరి ఆసరా ఎక్కువ పనికొస్తుంది.

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ప్రాణానికే ముప్పు కావచ్చు. కాబట్టి ముందు ఆసుపత్రి, తర్వాతే సమావేశం. మత్తు విముక్తికి 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 ఉచిత నంబర్లు. 2020 లాక్‌డౌన్ నుంచి చాలా బృందాలు ఫోన్‌లోనూ కలుస్తున్నాయి, సిగ్నల్ అందే గుట్ట దొరికితే. నేరుగా వెళ్లేవారు ముందే ఫోన్ చేసి సమావేశం ఈ వారం ఉందా, ఇంటివారిని రానిచ్చే బహిరంగ సమావేశమేనా అని అడగాలి. సమావేశం ఖమ్మంలోనైతే భద్రాచలం నుంచి దారి సుమారు 120 కిలోమీటర్లు. తిరుగు బస్సు వేళ కూడా అప్పుడే కనుక్కోవాలి.