దయ్యం కన్న కిరాయి భయం

'గీతాంజలి' 2014 ఆగస్టుల వచ్చింది. డైరెక్టర్ రాజ్ కిరణ్. పెద్ద హీరో లేడు, పెద్ద ఖర్చు లేదు. సినిమా తీద్దామని హైదరాబాద్ వచ్చిన శ్రీనివాసరెడ్డి నిర్మాతకు దయ్యం కథ చెప్తుంటడు. చెప్పేది తను కిరాయికి దిగిన ఫ్లాట్ సంగతే. అండ్ల చచ్చిపోయిన పిల్ల అంజలి. ఏది కథో, ఏది నిజమో తెల్వకుండనే నవ్వుతం. 2024ల రెండో భాగం కూడా వచ్చింది.

నాకైతే ఆ ఫ్లాటే యాదికుంది. మాదాపూర్, కొండాపూర్ గల్లీలల్ల టులెట్ బోర్డులు చూసుకుంట నేనూ తిరిగిన. ఓనర్లు ముందుగాల కులం అడుగుతరు, తర్వాత పెళ్లయిందా, ఏం తింటరు, అడ్వాన్స్ ఎంతిస్తరు. ఆ ఇంట్ల ఇంతకుముందు ఎవరుండిరి, ఎట్ల పోయిండ్రు అని మనం అడిగే మోక రాదు. ఒక్కకాడ అడిగిన, దయ్యముంటే కిరాయి తగ్గిస్తరేమోనని. గేటు ఏసుకున్నడు.