మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ సైనిక నియామక పోస్టర్లు: చిత్రం, సంబోధన, ఒత్తిడి

వ్యాస సంగ్రహం: మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత సుమారు పదిహేడు నెలలపాటు బ్రిటన్ స్వచ్ఛంద సైనిక నియామకంపైనే ఆధారపడింది. ఆ కాలపు పోస్టర్లను వాటి చిత్రరచన, వాక్యనిర్మాణం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పోస్టరు ప్రసిద్ధి దాని ప్రభావానికి కొలమానం కాదనీ, స్పందన తగ్గేకొద్దీ పోస్టరు స్వరం పిలుపు నుండి నిలదీతకు మారిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పోస్టరు, సైనిక నియామకం, మధ్యమ పురుష, శిలాముద్రణ, ప్రచారం.

1. ఉపోద్ఘాతం

1914 ఆగస్టు 4న యుద్ధంలోకి దిగేనాటికి ఐరోపా అగ్రరాజ్యాలలో నిర్బంధ సైనిక సేవ లేని దేశం బ్రిటన్ ఒక్కటే. ఫ్రాన్స్, జర్మనీ, రష్యాలలో యువకులను సైన్యంలో చేర్చే పని చట్టం చేసింది. బ్రిటన్‌లో ఆ పనిని మాటలతో, బొమ్మలతో చేయవలసి వచ్చింది. ఇందుకోసం ఆ ఆగస్టులోనే వివిధ పార్టీల సభ్యులతో పార్లమెంటరీ రిక్రూటింగ్ కమిటీ ఏర్పడింది. సభలు, కరపత్రాలతో పాటు అది వందకు పైగా పోస్టర్లను వెలువరించింది. రంగుల శిలాముద్రణ అప్పటికే సబ్బులు, బిస్కెట్లు, రైలు ప్రయాణాల ప్రకటనలలో ఆరితేరి ఉంది. ఆ వ్యాపార నైపుణ్యమే యుద్ధానికి అక్కరకు వచ్చింది. చాలా పోస్టర్లపై చిత్రకారుని పేరు కూడా లేదు. అవి కళాఖండాలుగా కాక, పని సాధించే ప్రకటనలుగా తయారయ్యాయి.

2. ముఖమే కర్త

ఈ పోస్టర్లలో నేడు అందరికీ గుర్తున్నది ఆల్ఫ్రెడ్ లీట్ గీసిన యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్ చిత్రం. అది మొదట 1914 సెప్టెంబరు 5న ‘లండన్ ఒపీనియన్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. నేపథ్య దృశ్యం లేదు. టోపీ, దట్టమైన మీసం, చూపరి వైపు చాచిన చూపుడు వేలు మాత్రమే ఉన్నాయి. వేలిని ముందుకు పొడుచుకువచ్చినట్లు గీయడం వల్ల, చూసేవాడు ఏ పక్కకు జరిగినా ఆ వేలు తననే చూపుతున్నట్లు అనిపిస్తుంది.

తరువాత పోస్టరుగా వచ్చిన రూపంలో భాషాపరమైన విశేషం ఒకటుంది. పైన ‘బ్రిటన్ ప్రజలారా’ అనే సంబోధన, కింద ‘నిన్ను కోరుతున్నాడు’ అనే అర్థమిచ్చే మాటలు ఉన్నాయి. ఎవరు కోరుతున్నారో అక్షరాలలో లేదు. కర్త స్థానంలో కిచెనర్ ముఖం ఉంది. బొమ్మను చూస్తే తప్ప వాక్యం పూర్తికాదు. ఆంగ్ల సర్వనామంలో ‘నువ్వు’, ‘మీరు’ అనే భేదం లేదు. తెలుగులోకి తెస్తే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ వేలు, ఆ చూపు ‘నువ్వు’నే కోరుతాయి. గుంపులో నిలబడి చదివేవాణ్ణి గుంపు నుండి వేరుచేయడమే ఈ పోస్టరు చేసిన పని. 1917లో అమెరికాలో జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్ గీసిన ‘అంకుల్ శామ్’ పోస్టరు ఈ భంగిమనే స్వీకరించింది.

3. ఇంటిలోకి వచ్చిన యుద్ధం

1915 నాటి పోస్టర్లలో సేనాని స్థానాన్ని కుటుంబం ఆక్రమించింది. ఇ. జె. కీలీ చిత్రించిన పోస్టరులో ఇద్దరు స్త్రీలు, ఒక బాలుడు కిటికీ దగ్గర నిలబడి, కదలిపోతున్న సైనికులను చూస్తుంటారు. బ్రిటన్ స్త్రీలు ‘వెళ్ళండి’ అంటున్నారని పోస్టరు ప్రకటిస్తుంది. పురుషుణ్ణి ఆపగల గొంతునే అతణ్ణి పంపే గొంతుగా మార్చింది.

సావిల్ లమ్లీ చిత్రం ఇంకా లోతైనది. కుర్చీలో తండ్రి, ఒడిలో పుస్తకంతో కూతురు, నేలపై బొమ్మ సైనికులతో ఆడుకునే కొడుకు. మహాయుద్ధంలో నువ్వేం చేశావు నాన్నా అని కూతురి ప్రశ్న. తండ్రి కళ్ళు బిడ్డ వైపు లేవు. చూపరి వైపు ఉన్నాయి. ప్రశ్న భూతకాలంలో ఉంది. దృశ్యం భవిష్యత్తుకు చెందింది. అక్కడ యుద్ధం ముగిసింది, ఇల్లు నిలిచింది, తండ్రి బతికే ఉన్నాడు. సైన్యంలో చేరినవాడికి ఎదురయ్యే మరణానికి ఈ గదిలో చోటు లేదు. సిగ్గు మాత్రమే ప్రమాదంగా మిగిలింది. కళ ఒప్పింపుగా మారే తీరు ఇక్కడ స్పష్టమవుతుంది: చెప్పినదానికంటే చిత్రం వెలుపల ఉంచినదే ఎక్కువ పని చేసింది.

4. ప్రసిద్ధి, ప్రభావం

ఈ పోస్టర్లే లక్షలాది యువకులను కదిలించాయనే అభిప్రాయాన్ని కాలక్రమం సమర్థించదు. స్వచ్ఛంద నియామకం శిఖరానికి చేరింది 1914 సెప్టెంబరులో. ఆ ఒక్క నెలలో 4 లక్షల 60 వేల మందికి పైగా చేరారు. మోన్స్ నుండి సేనలు వెనుదిరిగిన వార్త, నిరుద్యోగం, ఒకే ఊరి మిత్రులను ఒకే దళంలో చేర్చుకునే పద్ధతి అందుకు ముఖ్య కారణాలు. కీలీ, లమ్లీ పోస్టర్లు అప్పటికి పుట్టలేదు. లీట్ చిత్రం కూడా నేడు భావిస్తున్నంత విస్తృతంగా ఆనాడు కనిపించలేదని జేమ్స్ టేలర్ పరిశోధన చూపింది. 1915లో ఏ నెలలోనూ ఆ సంఖ్య తిరిగి రాలేదు. కాబట్టి తండ్రిని నిలదీసే పోస్టరును విజయానికి గుర్తుగా కాక, చేరకుండా మిగిలినవారి సంఖ్యకు ఆనవాలుగా చదవడం సమంజసం. 1916 జనవరిలో సైనిక సేవా చట్టం వచ్చాక ఈ నిలదీతకు అవసరం తీరిపోయింది.

5. వలస భారతంలో మరొక వాక్యం

అదే సామ్రాజ్యం భారతీయులను పిలిచిన తీరు పోల్చదగినది. ఉర్దూలో వెలువడిన ఒక పోస్టరు సైనిక దుస్తులను, డబ్బును, తుపాకీని చూపి, వీటిని ఎవరు తీసుకుంటారని అడుగుతుంది. సైన్యంలో చేరేవాడేనని తానే జవాబిస్తుంది. ఇక్కడ ‘నువ్వు’ లేదు, ‘ఎవరు’ ఉంది. కర్తవ్యం లేదు, ప్రతిఫలం ఉంది. బ్రిటన్‌లో పోస్టరు పౌరుణ్ణి సంబోధించగా, ఇక్కడ అది జీతగాణ్ణి వెదికింది. 1911 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యులు సుమారు 6 శాతమే. అందువల్ల పంజాబు పల్లెలలో నియామక భారం ప్రధానంగా స్థానిక పెద్దలపై, జిల్లా అధికారులపై పడింది. 1917–18 నాటికి అది బలవంతంగా పరిణమించింది. ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం వల్ల తెలుగువారిని సైన్యంలో చేర్చుకోవడం యుద్ధానికి ముందే బాగా తగ్గిపోయింది. ఎవరిని పిలవాలన్నది పోస్టరు పుట్టకముందే నిర్ణయమైందనడానికి ఇది నిదర్శనం.

6. ముగింపు

ఆజ్ఞాపించే చట్టం లేనప్పుడు బ్రిటన్ ప్రభుత్వం బతిమాలింది, తరువాత నిలదీసింది, చివరకు శాసించింది. మొదటి రెండు దశలు పోస్టర్లలో నమోదయ్యాయి. వాటిని కళగా మాత్రమే చూస్తే రంగులు, రేఖలు మిగులుతాయి. ప్రచారంగా మాత్రమే చూస్తే నినాదం మిగులుతుంది. చిత్రాన్నీ, వాక్యంలోని పురుషనూ, కాలాన్నీ కలిపి చదివినప్పుడే రాజ్యం తన ఎదుటివాణ్ణి ఎవరిగా భావించిందో తెలుస్తుంది.