వేరుశనగకు దారివ్వని చెట్టు

టాంజానియా అనగానే హైదరాబాద్ దగ్గరి నాదర్‌గుల్ నుంచి ఫోన్ చేసే మనవాళ్లు సింహాల గురించి, కిలిమంజారో గురించి అడుగుతారు. ఈ దేశపు కథ తెలియాలంటే ముందుగా బావోబాబ్ చెట్టును తెలుసుకోవాలంటాను నేను.

నేనుండే దొడోమా చుట్టూ మన చెలకల్లాంటి ఎర్రనేలే. మే నుంచి నవంబర్ దాకా దాదాపు చినుకుండదు. ఆ ఎండలో బావోబాబ్ ఆకులన్నీ రాల్చేసి, లావాటి మానులో నీరు దాచుకుని నిలబడుతుంది. పత్తి, బెండ, బూరుగు దీనికి చుట్టాలే, అన్నీ ఒకే కుటుంబం. చుట్టూ బెరడు ఒలిస్తే మామూలు చెట్టు ఎండిపోతుంది, దీనికి మాత్రం మళ్లీ బెరడు కడుతుంది. ఆ నారతో ఇక్కడివాళ్లు తాళ్లు పేనుతారు. పెద్ద పెద్ద తెల్లపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి గబ్బిలాలు వచ్చి వాలతాయి, మర్నాటికల్లా పువ్వు వాడిపోతుంది.

కాయ పగలగొడితే గింజల చుట్టూ పొడిపొడిగా పుల్లటి తెల్లగుజ్జు ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి జ్వరమొచ్చినవాళ్లకు, విరేచనాలతో నీరసించినవాళ్లకు ఇస్తారు. ఆకు కూర వండుకుంటారు, గింజల నూనె ఒంటికి రాస్తారు. గుజ్జులో సి విటమిన్ దండిగా ఉన్నమాట నిజమే, 2008లో యూరప్ దీన్ని ఆహారంగా అనుమతించింది కూడా. జ్వరానికి బెరడు కషాయం తాగే అలవాటూ ఉంది. కానీ ఇది మలేరియా దేశం. మలేరియాకు కషాయం చాలదు, ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇక చరిత్ర. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో నూనెకు కటకట వచ్చింది. అప్పట్లో టాంగన్యికా అనే ఈ దేశం వాళ్ల పాలనలో ఉండేది. ఇక్కడ లక్షల ఎకరాల్లో అడవి కొట్టి వేరుశనగ వేద్దామని 1947లో దిగారు. దొడోమాకు తూర్పున ఉన్న కోంగ్వాలో పని మొదలైంది. యుద్ధ ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి తెచ్చారు. బావోబాబ్‌ల దగ్గరికొచ్చేసరికి పని నత్తనడక నడిచింది. ఒక బోలుమాను ఊరి జైలు, మరొకటి పూర్వీకులకు మొక్కే చోటు. ఎన్నో మానుల్లో తేనెతుట్టెలు, కదిపితే ఈగలు మీదపడేవి. చెట్లు తీసినచోటా పంట నిలవలేదు. వాన నమ్మకం లేనిది, ఎండకు బంకమట్టి రాయిలా బిగిసి కాయలు తవ్వడానికే రాలేదు. వేరుశనగ పండించిన మన రైతును ఒక్కణ్ణి అడిగినా ఆ మాట చెప్పేవాడు. తరతరాలుగా ఆ నేలమీదే బతికిన గోగో జనాన్ని అడిగి ఉంటే ఇంకా బాగా చెప్పేవారు. 1951 జనవరిలో పథకాన్ని ఆపేశారు. 3.6 కోట్ల పౌండ్ల అప్పు రద్దయింది. పదేళ్లకు, 1961 డిసెంబర్ 9న, నైరేరే నాయకత్వంలో టాంగన్యికా స్వతంత్రమైంది. 1964లో జాంజిబార్‌తో కలిసి టాంజానియా అయింది. ఆ తర్వాత అదే కోంగ్వాలో దక్షిణాఫ్రికా స్వాతంత్ర్య యోధులు శిబిరం వేసుకున్నారు.

ఈ చెట్టు మనకూ కొత్తదేం కాదు. గోల్కొండ నయాఖిలాలో ఉన్న హాథియాన్ కా ఝాడ్ బావోబాబే. దాని చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. అరబ్బు వర్తకులు తెచ్చారని చెబుతారు. మన దేశంలోని బావోబాబ్‌లు ఆఫ్రికా నుంచి ఒక్కసారిగా కాక పలుమార్లు వచ్చాయని 2015లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఓడల్లో విత్తనాలే కాదు, మనుషులూ వచ్చారు. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ అశ్వికదళం వారసులు హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్‌లో నేటికీ ఉన్నారు.

నాదర్‌గుల్ చుట్టూ ఇప్పుడు పొలాలన్నీ వెంచర్లవుతున్నాయి. జేసీబీ దిగేముందు, ఆ నేలమీద ఏ చెట్టు దేనికి పనికొస్తుందో ఊళ్లోని పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. గోల్కొండకు వెళ్తే పిల్లలకు ఆ మానును చూపించండి, దానిమీద పేర్లు మాత్రం చెక్కనివ్వకండి.