ఏడుపాయల చెంత ఘనపురం ఆనకట్ట

మహారాష్ట్రమందలి బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర బహుదూరము తూర్పుగా ప్రవహించి మెతుకుసీమలో ఉత్తరమునకు మరలును. మెదకు సమీపమున నాగసానిపల్లి కడ ఆ నది ఏడు పాయలై చీలును. ఆ పాయల నడుమ రాతిగుహలో వనదుర్గాభవాని కొలువై యున్నది. జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతములనెడి ఋషుల పేర్లు ఆ పాయలకు కలవు. జనమేజయుడు సర్పయాగము చేసినది ఇచ్చటనేయని స్థలపురాణము.

ఈ పేర్లన్నియు తడుముకొనక చెప్పగలవారును, గుడికి ఎగువన నదికడ్డముగా నున్న ఆనకట్ట ఎప్పటిదని యడిగిన ఒకింత ఆలోచింతురు. నిత్యము పనిచేయు వస్తువునకు చరిత్ర యుండునని సాధారణముగా ఎవరికిని తోచదు.

ఘనపురం ఆనకట్ట 1905లో, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో నిర్మింపబడినది. మెదకు వైపునకు మహబూబ్‌నహర్, పాపన్నపేట వైపునకు ఫతేనహర్ అను రెండు కాలువలు దీనినుండి బయలుదేరినవి. నహర్ అనినను కాలువయే. అయినను జనులు ‘మహబూబ్‌నహర్ కాలువ’ యనియే యందురు. రెండింటి క్రింద 21 వేల ఎకరములకు పైగా ఆయకట్టు కలదు.

పెద్ద జలాశయమువలె నీటిని నెలల తరబడి నిలువచేయుట ఈ కట్ట పని కాదు. ప్రవాహమును కొంత పైకెత్తి కాలువలోనికి మరల్చును. మిగిలినది మీదుగా పొర్లిపోవును. అటుపై నీరు పల్లమెరిగి తనంత తానే పోవును. ఇది ఎంతటి సౌకర్యమో మోటబావి నెరిగినవారికే తెలియును. ఎడ్లజత వాలుదారిన దిగుచు తోలుమోటను పైకి లాగును. మోట కుమ్మరించిన పిదప ఆ యెడ్లే వెనుకడుగులతో మరల బావియొడ్డు చేరవలెను. తెల్లవారుజామున మొదలైన ఈ నడక ఎండ ముదురు వరకు సాగినను తడియునవి కొద్దిపాటి మడులే. చెరువు క్రింద శ్రమ తక్కువయే గాని, వాన లేని యేట చెరువునను నీరుండదు. కాలువ వచ్చినచోట రైతు పారతో మడవ త్రిప్పిన చాలును.

ఈ మంజీరయే హైదరాబాదు కొళాయిలలోను పారినది. 1965 నుండి నగరమునకు దీని నీరు పోవుచున్నది. పిమ్మట ఎగువన సింగూరు జలాశయము వెలసినది. 1990 దశకమున అందలి నీరును నగరమునకు చేరినది. నాటినుండి ఘనపురమునకు వచ్చు నీరు కేవలము వానపై గాక, సింగూరు తలుపులపైనను ఆధారపడినది. విడుదలకై ఆయకట్టు రైతులు ఏటేట అధికారులకు విన్నవించుకొనవలసివచ్చెను. దీనిలోని న్యాయము సులభముగా తేలునది కాదు: దాహము ముందా, పైరు ముందా యనిన దాహమే ముందనక తప్పదు. కాని ఆ నీటిపై రైతులకుగల అనుభవము నగరపు కొళాయికంటె ఆరు దశాబ్దములు పాతది.

వరుస అనావృష్టిచే 2016 వేసవిలో సింగూరు ఎండిపోయెను. నగరమునకు అచ్చటినుండి నీరు ఆగెను. ఘనపురం కాలువలకు విడుచుటకును చుక్క లేకపోయెను. వరదయేట కథ వేరు. ఆనకట్ట పొంగి పాయలు గుడిని ముంచెత్తగా, ద్వారములు మూసి రాజగోపురము కడ ఉత్సవమూర్తికి పూజలు జరుపుదురు. నీరు తగ్గిన సంవత్సరములలో మాత్రము మహాశివరాత్రి జాతరకు వచ్చు లక్షల జనుల స్నానమునకై సింగూరు తలుపులే ఎత్తవలసి వచ్చినది.