గోగునార వెంట భీమిలికి

తెల్లారగట్ల ఐదున్నర. రాజాం కాంప్లెక్సులో విజయనగరం బస్సు ఇంజను ఆన్‌లోనే ఉంచి డ్రైవరు టీకి వెళ్లాడు. మీరు కిటికీ పక్క సీట్లో తువ్వాలు వేసి కిందికి దిగారు. కార్తీకమాసం, గాలిలో సన్నటి చలి. బస్సు మెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్లు గిన్నెలు, గ్యాసు స్టవ్వు, అరటాకుల కట్ట ఎక్కించే హడావుడిలో ఉన్నారు. పిక్నిక్కు. ఎక్కడికమ్మా అంటే "బీమిలి" అన్నారు, ఒత్తు పలక్కుండా. మన వైపు అలాగే అంటాం.

కూరగాయలు కుక్కిన గోతాన్ని పైకి అందించే వంతు మీకొచ్చింది. చెయ్యి వెయ్యగానే గరుకు. భుజానికి ఎత్తుకుంటే కిరసనాయిలు లాంటి వాసన. మిల్లులో నార మెత్తబడాలని నూనె పట్టిస్తారు. గోనె పీలికలయ్యేదాకా ఆ వాసన దాన్ని వదలదు. ఊడిన పోగొకటి వేలికి చుట్టుకుంది. లాగితే వేలు కోసుకుంటోంది గానీ పోగు తెగడం లేదు. రాజాం వాళ్లకు ఈ పోగు కొత్తేమీ కాదు. ఢిల్లీ, హైదరాబాదు విమానాశ్రయాలు నడిపే జీఎంఆర్ సంస్థ కూడా 1978లో ఈ ఊళ్లో ఒక జూట్ మిల్లుతోనే మొదలైంది. విమానాలు తర్వాత, ముందు గోతాలు.

బస్సు కదిలింది. ఊరు దాటి చీపురుపల్లి రోడ్డెక్కాక తలుపు సందులోంచి ఒక కంపు లోపలికి దూరుతుంది. పక్క సీటాయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకోడు. పైగా "గోగు ఊరుతోంది" అంటాడు, ఇంట్లో పప్పు ఉడుకుతోందన్నంత మామూలుగా. చెరువులో నడుము లోతు నీళ్లలో ఇద్దరు కనిపిస్తారు. తొలకరికి విత్తి, పూత మీద కోసిన గోగు మొక్కల్ని కట్టలు కట్టి, నీళ్లలో ముంచి, పైన బరువులు పెట్టి రెండు మూడు వారాలు ఊరనిస్తారు. బెరడు కుళ్లి మెత్తబడ్డాక మొదట్లో పట్టుకుని ఒలిస్తే పుల్ల ఒకవైపు, నార ఒకవైపు. ఆ నారను నీళ్లలో జాడించి, పిండి, గట్టున దండేల మీద వేస్తారు. అప్పుడే లేచిన ఎండలో ఆ నార ఆడపిల్ల తలంటుకుని ఆరబోసుకున్న జుట్టులా మెరుస్తుంది. చేతులు మాత్రం నెలరోజులు కంపే. ఆకు గోంగూరై మన కంచంలోకి, పుల్ల పొయ్యిలోకి లేదా దడికి, నార మిల్లుకి. మొక్కలో పారేసేదంటూ ఏమీ లేదు.

ఈ నారకు బయటి ప్రపంచంలో ఉన్న పేరేమిటో తెలుసా? బిమ్లిపటం జూట్. వర్తకులు ఇంకా కుదించి బిమ్లీ అన్నారు. వృక్షశాస్త్రం పుస్తకాల్లో గోగుకు రాసే ఇంగ్లీషు పేర్లలో ఇప్పటికీ అదొకటి. మెట్ట చేలల్లో పండి, చెరువుల్లో ఊరి, మనవాళ్ల గోళ్లు పుచ్చిపోయేలా ఒలిచిన నార ఓడెక్కేసరికి రేవు పేరు పెట్టుకుంది. కాలికట్ రేవులో ఎక్కిన బట్ట కాలికో అయినట్టే. పేరు పండించిన చేనుకి దక్కదు, చివరగా దాటిన గట్టుకి దక్కుతుంది. రాజాం జూట్ అని ఎక్కడా లేకపోవడం మీద నాకు చిన్న కినుక ఉంది, దాచుకోను.

చీపురుపల్లి. గరివిడి. రోడ్డు పక్క నల్లటి మాంగనీసు రాళ్లు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ విజయనగరం నేలలోనే మొదలైంది. నెల్లిమర్లలో చంపావతి నది, జూట్ మిల్లు. విజయనగరంలో బస్సు మారి, మళ్లీ కిటికీ పక్కనే దొరికితే అదృష్టం, తగరపువలస చేరేసరికి తొమ్మిది దాటుతుంది. పక్కనే చిట్టివలస. ఇక్కడా ఓ పెద్ద జూట్ మిల్లు ఉండేది, 2009లో మూతపడింది. ఊళ్లో నడివయసు దాటిన ఎవర్ని కదిపినా మిల్లు కూతతో పొద్దు లెక్క చెబుతారు. అక్కణ్నుంచి భీమిలి ఐదారు కిలోమీటర్లు. ఆటోలో ముందు సీటు చివర ఒంటికాలి మీద కూర్చుంటే ఒక మలుపులో గాలి మారుతుంది. చర్మానికి ముందు తెలుస్తుంది, జిగట. తర్వాత ఉప్పు. ఆ తర్వాత తాటిచెట్ల మధ్య నీలం గీత.

దిగండి. వెంటనే బీచికి పరిగెత్తకండి, ఎండ ముదరకముందు చూడాల్సింది ఒకటుంది.

సందుల్లోంచి నడుస్తుంటే గోడలకు పాత సున్నం, పెంకుటిళ్లు, గంటస్తంభం. సముద్రానికి దగ్గరలో ప్రహరీ లోపల గడ్డి మధ్య సూదిగా పైకి లేచిన కట్టడాలు. మొదటిసారి చూసినవాడు గుళ్లనుకుంటాడు. సమాధులవి. డచ్చి వాళ్లవి. ఒక పలక మీద చెయ్యి పెట్టి చూడండి. రాయిలో చెక్కిన అక్షరాల అంచులు ఉప్పుగాలికి నునుపు తేలాయి. భాష తెలీకపోయినా వేలు అక్షరం వెంట దానంతటదే నడుస్తుంది. సముద్రమట్టానికి దిగువన గట్లు కట్టుకుని బతికే దేశం నుంచి వచ్చి, ఈ తాటిచెట్ల కింద పడుకున్నారు.

పదిహేడో శతాబ్దంలో, ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్నప్పుడు, డచ్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొట్టు పెట్టింది. వాళ్లకు కావలసినవి రెండు: మన సాలీలు నేసిన బట్ట, మన పొలాల్లో పండిన బియ్యం. తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కన్నా కోరమాండల్ బట్టనే అడిగేవారు. బియ్యం సింహళం పోయేది. కరువొస్తే ఈ తీరం నుంచి మనుషుల్ని కూడా కొని ఓడల్లో బానిసలుగా తోలుకుపోయారు. పిక్నిక్కు రోజున ఆ మాట ఎవరూ ఎత్తరు, ఈ సమాధుల మధ్య నిలబడితే ఎత్తకుండా ఉండలేం.

రాజాం పిల్లాడికి బొబ్బిలి యుద్ధం ఎవరూ నేర్పక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట తగలబడుతుంటే తాండ్ర పాపారాయుడు మన రాజాంలో ఉన్నాడని ఉగ్గుపాలతో వింటాం. కోట మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ పేరూ తెలుసు. కానీ అదే రోజున ఇరవై పాతిక క్రోసుల దూరంలో, ఈ గట్టు మీద డచ్చివాడు తన కొట్టులో తాను కూర్చునే ఉన్నాడని మాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. 1824లో లండన్లో డచ్చి, ఇంగ్లీషు వాళ్లు ఒప్పందం రాసుకుని మన దేశంలోని డచ్చి స్థావరాలన్నీ ఇంగ్లీషు వాళ్లవని తేల్చుకున్నారు. మరుసటేడు భీమిలి చేతులు మారింది. 1861లో పురపాలక సంఘం వచ్చింది. దేశంలోనే పాత మునిసిపాలిటీల్లో ఇదొకటని ఇక్కడివాళ్లు ఛాతీ విరుచుకుని చెబుతారు. ఇప్పుడది మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. చెప్పేటప్పుడు ఆ రెండో మాట గొంతు తగ్గించి అంటారు.

ఇక బీచి.

ఆదివారం కాకపోయినా జనం ఉన్నారు. గుర్రం మీద పిల్లలు, మొక్కజొన్న పొత్తుల బొగ్గుల పొగ, ముంత మసాలా బండి. సిమెంటు బొమ్మల దగ్గర సెల్ఫీలు. ఆ బొమ్మల మీద నాకు పెద్ద గౌరవం లేదు. వాటికి అటుపక్క పొట్టిగా, తెల్లగా నిలబడ్డ పాత దీపస్తంభం వంద బొమ్మలకు సాటి. దాని నీడలో నిలబడి సముద్రం వైపు చూడండి. ఖాళీ. దూరాన ఒకట్రెండు బోట్లు, అంతే.

నూరేళ్లు వెనక్కి వెళ్లండి. ఇక్కడ ఓడ గట్టుకి రాదు, లోతు చాలదు. స్టీమరు దూరంగా లంగరేసి కూత వేస్తుంది. గట్టున నార బేళ్లు వరసగా. కొబ్బరి పీచు తాడుతో పలకల్ని కుట్టిన మసూలా పడవలు వాటిని ఎత్తుకుని అలల మీదికి దూకుతాయి. మేకు కొట్టిన పడవైతే ఈ కెరటాల దెబ్బకి పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. పడవలో బేళ్ల పక్కన మనుషులు కూడా. మూట ఒళ్లో పెట్టుకుని, వాంతి ఆపుకుంటూ. రంగూన్ వెళ్లేవాళ్లు. మన పల్లెల్లో దాన్ని రంగం అనేవాళ్లు. ఏ ఇంట్లో పాత ముచ్చట్లు తవ్వినా "రంగం పోయినాడు" అన్న మాట తగుల్తుంది. వరి కోతలకు, బియ్యం మిల్లులకు, ఓడరేవు మోతపనికి. కొందరు డబ్బు పంపారు, కొందరు తిరిగొచ్చారు, కొందరి సంగతి మాటల్లో అక్కడే ఆగిపోతుంది.

రేవు ఎందుకు చచ్చిందో చెప్పడం తేలిక. రైలు విజయనగరం మీదుగా పోయింది, భీమిలికి రాలేదు. 1933లో విశాఖలో అసలైన హార్బరు తెరిచారు, ఓడ తిన్నగా గట్టుకే వచ్చి ఆనుకుంది. ఇక అలల మీద బేళ్లు మోసే పని ఎవరికి కావాలి? భీమిలికి మిగిలింది గాలి, ఇసక, దీపస్తంభం. ఊరు వాటినే అమ్ముకుంటోంది, తప్పేముంది.

ఉత్తరం వైపు నడిస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల రాళ్ల కింద నుంచి దూరి, తాటిపూడి జలాశయం దాటి వచ్చిన నీళ్లు ఇక్కడ ఎటు పోవాలో తోచనట్టు ఇసకతిన్నె వెనక కాసేపు నిలబడతాయి. ఆ తిన్నె దగ్గరే ఇవాళ అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్లు, ఒక్కోదానికి పదిహేనుమంది. మీరూ ఒక చెయ్యి వేయండి, ఎవరూ కాదనరు. తాడు తడి, ఇసక పట్టి అరచేతిని ఒరుస్తుంది. ముందున్నాయన మడమలు ఇసకలోకి దిగబడతాయి, "ఐలేసా" అన్నప్పుడు అందరి నడుములూ ఒక్కసారే వెనక్కి వాలతాయి. అడుగు దక్కుతుంది. మళ్లీ అల లాక్కుంటుంది, అరడుగు పోతుంది. ముప్పావు గంట. చివరికి వల సంచి గట్టెక్కితే లోపల వెండి కుతకుత. నెత్తళ్లు, కవ్వళ్లు, నాలుగు కానాగంతలు, బోలెడు జెల్లీచేపలు, ఒక ప్లాస్టిక్ చెప్పు.

"కొంతావేటి బావూ, సూత్తన్నావేటి?" బుట్టతో వచ్చిన ముసలామె మిమ్మల్నే అడుగుతోంది.

"చూస్తన్నాను మామ్మా."

"సూపుకి డబ్బుల్లేవులే. ఏ వూరు?"

"రాజాం."

ఆమె బుట్ట దింపింది. "రాజాం సంతకి ఎండుసేపలట్టుకొచ్చీవోళ్లం మేం. బస్సోడు ఎక్కనిచ్చీవోడు కాదు, కంపని. మీ వోళ్ల గోగు కంపు కన్నానేటి?"

నవ్వడానికి మీకు క్షణం పడుతుంది.

మధ్యాహ్నం సరుగుడు తోటలో వనభోజనం. పొద్దున గోతం ఎత్తినందుకు మీకూ ఒక అరటాకు వేశారు. పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం, దాని మీద ఇసక రేణువులు. తిన్నాక కొండ. ఊరి వెనక లేచిన పావురాలకొండ. భీముడు బకాసురుణ్ని చంపి ఇక్కడ నరసింహస్వామిని నిలిపాడని, అందుకే ఊరికి ఆ పేరని చెబుతారు. అదే కొండ మీద బౌద్ధ భిక్షువుల విహారాల పునాదులు, వాన నీరు పట్టేందుకు రాతిలో తొలిచిన తొట్లు. భిక్షువులకు తిండి కావాలి, వర్తకులకు ఆశీర్వాదం కావాలి. కొండ మీద వాళ్లూ రేవులో వీళ్లూ, మంచి ఏర్పాటు. డచ్చివాడు రావడానికి పదిహేను వందల ఏళ్ల పైమాటే. పైనుంచి చూస్తే నది, ఊరు, నీళ్లు ఒక్క చూపులో ఇముడుతాయి.

సాయంత్రం ఆటో మాట్లాడుకుని విశాఖ రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూసొచ్చే వ్యవధి ఉంటుంది. గాలీ వానా వేల ఏళ్లుగా కోసిన ఎర్రటి ఇసక లోయలు, 2014లో జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు. సినిమాల్లో మీరు చూసే ఉంటారు. వాటి గురించి ఇంతకన్నా రాయను, ఎండ వాలేటప్పుడు ఆ రంగు కాగితం మీదికి రాదు.

తిరిగి గట్టుకి వచ్చేసరికి దీపం వెలిగింది. పొద్దుటి ముసలామె రోడ్డు పక్కన కూర్చుని ఉంది. ముందు గోతం పరిచి, దాని మీద ఎండు నెత్తళ్ల కుప్ప. పావుకిలో అడిగారు మీరు. ఆమె తూచి, పాత పేపర్లో పొట్లం కట్టి, పక్కనున్న ఉండలోంచి పురికొస లాగింది. రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, తెంపబోయింది. తెగలేదు. మళ్లీ లాగింది. ఆఖరికి తల పక్కకి వంచి, పంటికింద పెట్టి కొరికింది.

"గట్టి నార," అంది ఉమ్ముతూ. "బస్సుంది బావూ, పరిగెట్టు."

ఆఖరి బస్సులో డ్రైవరు వెనక సీటు. ఒళ్లో పొట్లం. కండక్టరు టిక్కెట్టు కొట్టబోతూ ఆగి, ముక్కు చిట్లించి, అటూ ఇటూ చూస్తున్నాడు.