దూద్ కా ఖలం, పానీ కా ఖౌఫ్

మా నానాజాన్ నిజాం జమానాలో తహసీల్ కచేరీలో మొహర్రిర్‌గా పనిచేశారు. ఆయన వదిలివెళ్ళిన జాయ్‌దాద్ పెద్దగా ఏమీ లేదు. ఒక ఇనప సందూక్, అందులో కొన్ని పాత ఉర్దూ కాగజాత్, ఒక ఐనక్, ఒక ఫౌంటెన్ పెన్ను. అంతే.

ఆ పెన్ను ఆకుపచ్చ రంగుది. మధ్యమధ్యలో మీగడ రంగు చారలు. సిరా పీల్చుకోవడానికి పక్కన చిన్న లీవరు. కంపెనీ పేరు అరిగిపోయింది గానీ ‘లండన్’ అన్న అక్షరాలు మాత్రం కనబడేవి. చిన్నప్పుడు దాన్ని ముట్టుకోబోతే నానా ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: “సంభాల్‌కే బేటా, నాజూక్ హై.”

ఆయన ఇంతెఖాల్ తర్వాత అమ్మీ ఆ పెన్ను నా చేతికిచ్చింది. లోపల ఏళ్ళనాటి సియాహీ ఎండి గట్టిపడి ఉంది. మామూలుగా అందరూ చేసే పనే నేనూ చేశాను. రాత్రి ఒక గ్లాసు నీళ్ళలో పెన్నును మొత్తం ముంచి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే పెన్ను వాచి ఉంది. మెరుపు పోయి, తడిసిన సబ్బుముక్కలా తయారైంది. మూత పట్టలేదు. గబగబా ఎండలో పెట్టాను. అది రెండో గలతీ. సాయంత్రానికి ఒళ్ళంతా వెంట్రుకంత సన్నని పగుళ్ళు.

షహర్‌లో పెన్నులు మరమ్మత్ చేసే ఒక బుజుర్గ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా ముఖంలోకి చూసి అడిగారు: “ఇది దూద్ కా పెన్. నీళ్ళలో వేశావా బేటా?”

పాలతో పెన్నేమిటని ఆ రోజు నాకు అర్థం కాలేదు. తర్వాత చదువుకుంటూ పోతే, దాని వెనక ఒక దిల్‌చస్ప్ తారీఖ్ బయటపడింది.

తెల్ల పలక కోసం తలాష్

పాలలో ఉండే ముఖ్యమైన ప్రొటీన్ పేరు కేసిన్. పాలు విరిగినప్పుడు ముద్దకట్టేది అదే. లీటరు ఆవుపాలలో అది సుమారు 25 గ్రాములు ఉంటుంది. దాన్ని ఎండబెడితే గట్టిపడుతుంది గానీ నీళ్ళు తగలగానే మళ్ళీ మెత్తబడుతుంది. 1893లో అగుస్త్ త్రియా అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, కేసిన్‌ను ఫార్మాల్డిహైడ్‌లో నానబెడితే అది ఇక నీళ్ళలో కరగదని కనుక్కున్నాడు.

నాలుగేళ్ళ తర్వాత, 1897 ప్రాంతంలో, జర్మనీలోని హానోవర్ నగరంలో విల్‌హెల్మ్ క్రిషె అనే ప్రెస్సు యజమానికి ఒక అవసరం పడింది. బడిపిల్లలు రాసుకోవడానికి నల్ల పలకకు బదులు, రాసి నీళ్ళతో కడుక్కోగలిగే తెల్ల పలక కావాలి. మనవాళ్ళు ముల్తానీ మిట్టీ పూసి, రాసి, కడిగి, మళ్ళీ పూసుకునే తఖ్తీ లాంటిదే అనుకోండి. అట్టమీద కేసిన్ పూత వేసి చూశాడు. పూత నిలబడలేదు. అప్పుడు అడాల్ఫ్ స్పిటెలర్ అనే రసాయన శాస్త్రవేత్త అతనితో కలిశాడు. ఇద్దరూ కలిసి కేసిన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరిచి, కొమ్ములాంటి ఒక పదార్థాన్ని తయారుచేశారు. స్పిటెలర్ ఇంటి పిల్లి రాత్రిపూట ఫార్మాల్డిహైడ్ సీసాను పాలగిన్నెలో పడదోస్తే ఇది పుట్టిందని ఒక కిస్సా కూడా ఉంది. కిస్సా కిస్సాయే, వినడానికి బాగుంటుంది.

ఆ పదార్థానికి ‘గాలలిత్’ అని పేరు పెట్టారు. యూనానీ భాషలో ‘గాలా’ అంటే పాలు, ‘లితోస్’ అంటే రాయి. అంటే పాలరాయి అన్నమాట, మన తాజ్ మహల్ పాలరాయి కాదు సుమా! మన ‘ఖలం’ అనే మాటకు మూలం కూడా యూనానీలో రెల్లు అనే అర్థమున్న ‘కలమోస్’. అలా పెన్నుకూ, పాలరాయికీ భాషలో ముందే రిష్తా కుదిరినట్టుంది.

తెల్ల పలక మాత్రం మార్కెట్‌ను ఏలలేదు. గాలలిత్ 1900లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళింది, అక్కడినుంచి గుండీలు, దువ్వెనలు, గొడుగు పిడులు, నగలుగా ఇళ్ళల్లోకి నడిచింది.

ఇంగ్లాండ్‌కు చేరిన పాలు

ఇంగ్లాండ్‌లో గ్లౌస్టర్‌షైర్ జిల్లా స్ట్రౌడ్ పట్టణం దగ్గర లైట్‌పిల్ అనే చోట ఒక పాత మిల్లు ఉండేది. మొదటి ప్రపంచయుద్ధానికి కొద్దిగా ముందు ఒక కంపెనీ అక్కడ తడి పాలవిరుగుడు నుంచి ప్లాస్టిక్ చేయాలని చూసి నాకామ్ అయింది. తర్వాత ఎరినాయిడ్ అనే కంపెనీ ఆ కార్ఖానాను తీసుకుని, ఎండబెట్టిన కేసిన్ పొడితో పని మొదలుపెట్టింది. ‘ఎరిన్’ అంటే ఐర్లాండ్, ఆ దేశపు పాలను తలుచుకుని పెట్టిన పేరు. 1914లో యుద్ధం రాగానే జర్మనీ నుంచి గాలలిత్ రావడం ఆగిపోయింది. ఆ ఖాళీ జాగాలో ఎరినాయిడ్ నిలదొక్కుకుంది.

తయారీలో కావలసిందంతా సబ్ర్. మీగడ తీసిన పాలను చీజ్ తయారీలో వాడే రెన్నెట్‌తో విరగ్గొట్టి, ఆ కేసిన్‌ను ఎండబెట్టి పొడి చేస్తారు. పొడిలో కొద్దిగా నీళ్ళు, రంగులు కలిపి వేడి యంత్రంలోంచి కడ్డీలుగా నెడతారు. కడ్డీలను పలచని ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో ముంచి ఉంచుతారు. పలచని రేకుకు కొన్ని రోజులు చాలు, మందం పెరిగేకొద్దీ వారాలు, నెలలు. తర్వాత మళ్ళీ నెమ్మదిగా ఆరబెట్టాలి. ఒకసారి గట్టిపడ్డాక దాన్ని కరిగించి అచ్చు పోయడం కుదరదు. తరిమెన మీద కోయాలి, తొలవాలి, మెరుగు పెట్టాలి.

ఇంత తక్లీఫ్ ఎందుకు పడ్డారంటే, రంగుల కోసం. అప్పటిదాకా పెన్నులు ఎక్కువగా ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుతో చేసేవారు. అందులో నలుపు, ఎరుపు, వాటి కలగలుపు తప్ప పెద్దగా రంగులు రావు. సెల్యులాయిడ్‌కు రంగులున్నాయి గానీ దానికి నిప్పంటే చటుక్కున మండిపోతుంది. కేసిన్ అలా మండదు. ఏ రంగు వేస్తే ఆ రంగు తాగుతుంది. దంతంలా, తాబేలు చిప్పలా, ముత్యంలా, గోలీలోని చారల్లా ఎలా కావాలంటే అలా కనబడుతుంది. మెరుగు పెడితే పట్టులాంటి నిగారింపు వస్తుంది. 1905లో లండన్‌లో మొదలైన కాన్వే స్టివర్ట్, బర్న్‌హామ్ లాంటి కంపెనీలు మామూలు గుమాస్తాలు, టీచర్లు కొనుక్కోగల ధరలో ఈ రంగురంగుల పెన్నులు అమ్మాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, క్షణాల్లో అచ్చు పోయగలిగే కొత్త ప్లాస్టిక్‌లు వచ్చాక, నెలల తరబడి నానే ఈ పాలకడ్డీకి గిరాకీ తగ్గిపోయింది.

పానీతో దుష్మనీ ఎందుకు?

మన గోళ్ళు కూడా ప్రొటీనే. బట్టలు ఉతికాక గోళ్ళు ఎలా మెత్తబడతాయో చూశారు కదా. కేసిన్ తబియత్ కూడా అంతే. ఫార్మాల్డిహైడ్ దాన్ని కరగకుండా ఆపింది గానీ, నీళ్ళు తాగే ఆదత్‌ను మాత్రం మాన్పించలేకపోయింది. తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. పైపొర త్వరగా ఆరుతుంది, లోపలి పొర ఆలస్యంగా ఆరుతుంది. ఆ లాగులాటలో పగుళ్ళు పుడతాయి. నా పెన్నుకు జరిగింది సరిగ్గా ఇదే.

అసలు తమాషా ఇక్కడే ఉంది. నీళ్ళతో కడిగినా చెడని పలక కోసం మొదలైన వెతుకులాట, కడిగితే చెడిపోయే పెన్నుగా తేలింది. పైగా ఆ పెన్ను కడుపునిండా మోసేది సియాహీ, అంటే నీళ్ళే! అందుకే లోపల రబ్బరు తిత్తి పెట్టారు. ఆ తిత్తి చిరిగితే పెన్ను లోపలినుంచే వాచిపోతుంది.

మన దగ్గరి సంగతి చూడండి. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నులు ఎబొనైట్‌వి. వాటిని కాసేపు చల్లని నీళ్ళలో పెట్టి శుభ్రం చేసుకున్నా ఉబ్బిపోవు. ఆ పెన్నులు వాడి అలవాటైన చేతులు కేసిన్ పెన్నుకూ అదే ఇలాజ్ చేస్తాయి. నేను చేసిందీ అదే.

హిఫాజత్ ఎలా చేయాలి

ముందు పెన్ను దేనితో చేశారో పహచాన్ చేసుకోండి. తడి వేలితో ఒకచోట రుద్ది వాసన చూస్తే, కేసిన్ అయితే పులిసిన పాల వాసన లీలగా వస్తుంది. వెంటనే తుడిచేయండి. సెల్యులాయిడ్‌ను రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, ఎబొనైట్‌ను రుద్దితే గంధకం వాసన. వేడి సూది గుచ్చి చూడమనేవాళ్ళ మాట వినకండి, మచ్చ పడిపోతుంది.

పాళీ శుభ్రం చేయాలంటే పాళీ కొసను మాత్రమే నీళ్ళలో ముంచి, లీవరు నెమ్మదిగా ఆడించండి. ఒంటిమీద చుక్క పడితే అప్పుడే తుడవండి. అమోనియా ఉన్న ద్రావణాలు అసలే వద్దు. పాత తిత్తి మార్చాలంటే పాళీ ఉన్న ముందుభాగాన్ని నానబెట్టి కాదు, గోరువెచ్చని పొడివేడి చూపించి, ఆహిస్తా తిప్పుతూ తీయాలి. ఈ పని చేయి తిరిగినవాళ్ళకు వదిలేయడం బెహ్తర్. కొత్త తిత్తిని లక్క ద్రావణంతో అతికిస్తారు. మన అడవుల్లో లక్కపురుగులు ఇచ్చే ఆ లక్కే.

మెరుగు పెట్టేముందు భూతద్దంతో ఒకసారి చూడండి. పగుళ్ళుంటే పాలిష్ పేస్టు వాటిలోకి దూరి తెల్లని గీతలుగా మిగిలిపోతుంది. అలాంటి పెన్నుకు పొడిగుడ్డ చాలు. పగుళ్ళు లేకపోతే, నీళ్ళు, అమోనియా లేని సన్నని పాలిష్‌ను మెత్తని నూలుగుడ్డకు ఆవగింజంత రాసి పొడవునా రుద్దండి. సన్నని ఉప్పుకాగితాలను మామూలుగా తడిపి వాడతారు, కేసిన్ మీద మాత్రం పొడిగానే వాడాలి. కంపెనీ ముద్ర మీదా, బంగారు పూత పట్టీల మీదా రుద్దకండి. మోటారు చక్రం పెట్టకండి, ఆ వేడికి పైపొర పాడవుతుంది. చివర్లో మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాసి, ఆరాక తుడవండి. మైనం తడిని పూర్తిగా ఆపదు, కొంత ఆలస్యం చేస్తుంది. ఆ కొంతా గనీమతే.

దాచే చోటు కూడా ముఖ్యం. వానాకాలం చెమ్మ గోడ పక్కనా వద్దు, ఎండాకాలం కిటికీలోనూ వద్దు, ఏసీ గాలికి ఎదురుగానూ వద్దు. సెల్యులాయిడ్ పెన్నులతో ఒకే డబ్బాలో పెట్టకండి. పాతబడిన సెల్యులాయిడ్ వదిలే ఆవిరి పక్కవాటికి ముజిర్. పొరపాటున తడిస్తే తుడిచి, నీడలో, గాలి ఆడేచోట రోజుల తరబడి ఆరనివ్వండి. ఎండా, హెయిర్ డ్రయ్యరూ చూపించకండి.

‘దూద్ కా దూద్, పానీ కా పానీ’ అని మన పెద్దలు నిజం తేలినప్పుడు అంటారు. నా విషయంలో ఒక్క రాత్రిలో తేలిపోయింది. నానా ‘నాజూక్ హై’ అన్నది ఊరికే పిల్లల్ని బెదిరించడానికి కాదని, ఆయన ఆ పెన్నును నలభై ఏళ్ళు వాడి తెలుసుకున్న ఇల్మ్ అని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎందుకు నాజూకో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మీ ఇంటి సందూక్‌లో కూడా ఏ దాదాదో, నానాదో ఒక రంగుల పెన్ను ఉండొచ్చు. దాన్ని తీసి కడిగేముందు, ఇంట్లో బతికున్న పెద్దల్ని ఒక్క మాట అడగండి. ఆ పెన్ను ఎక్కడ కొన్నారో, ఏమేం రాశారో కూడా అడగండి. నా పెన్ను ఇప్పుడు రాయదు. మూత కూడా సరిగ్గా పట్టదు. పగుళ్ళతోనే, మైనం పూసి, నానా కాగజాత్ పక్కన పెట్టుకున్నాను. మా అబ్బాయి ముట్టుకోబోతే నా నోటివెంట కూడా అదే మాట వస్తుంది. కాకపోతే నేను వాడికి ఎందుకో కూడా చెబుతున్నాను.